ఎండబెట్టినవే గెలిచాయి: నెల్లూరులో ఒక ఫ్రెంచ్ విందు

నెల్లూరులో ఎవరో ఫ్రెంచ్ భోజనం పెడుతున్నారని విన్నప్పుడు నాకు ఏ మాత్రం ఉత్సాహం కలగలేదు. ఉల్లిపాయ సూపు, తెల్లటి సాసు పోసిన కోడిముక్క, పళ్ళెం అంచున రెండు ఎర్రచుక్కలు, చివర బరువైన బిల్లు: ఈ వరసను పెద్ద ఊళ్ళలో చూసి చూసి విసిగి ఉన్నాను. అయితే అక్కడ తిని వచ్చిన మిత్రుడు జేబులోంచి తీసి చూపిన మెనూ కాగితంలో ఉల్లిపాయ సూపు లేదు. తోపినాంబూర్, క్రోన్, పుతార్గ్, బజనా, తెర్గూల్ అనే పేర్లు ఉన్నాయి. ఇవి ఫ్రాన్సులోనే ఏదో ఒక మూల ప్రాంతానికి పరిమితమైనవి, లేదా చాలా ఇళ్ళలో వండడం మానేసినవి. వాటిని వెతికి పట్టుకుని, చేపల పులుసు తప్ప మరొక దైవాన్ని ఎరగని నెల్లూరు వాళ్ళకు వడ్డించాలనుకున్న మనిషిని ఒకసారి చూడాలనిపించి, ఆ వచ్చే శనివారానికే రెండు కుర్చీలు చెప్పుకున్నాను.

దర్గామిట్ట వెనుక సందుల్లో ఒక పాత మిద్దె ఇంటి పై అంతస్తు అది. వీధిలోకి బోర్డు లేదు. గేటు మీద ఇప్పటికీ ఇంటివారి పేరే ఉంది కనుక నేనూ ఇక్కడ పేరు రాయడం లేదు. తిండి ధ్యాస ఉన్నవారినెవరిని అడిగినా దారి చెబుతారు. లోపల ఎనిమిదే బల్లలు. బల్లల పైన పరిచినది చీమకుర్తి గెలాక్సీ రాయి. నల్లటి రాతిలో బంగారు రంగు నలుసులు దీపం వెలుగులో మినుకుమినుకుమంటూ ఉంటే తెల్లటి గుడ్డ పరచకపోవడమే మేలయిందనిపించింది. చెంచాలు ఉదయగిరి చెక్క చెంచాలు. నర్ది కర్రతో చేసినవట. పింగాణీ గిన్నెకు తగిలినప్పుడు స్టీలు చెంచా చేసే చప్పుడు వీటికి లేదు, వేడి సూపు తాగేటప్పుడు పెదవి కాలదు. ఇంత తేలికైన, నునుపైన వస్తువు మన జిల్లాలోనే తయారవుతున్నా దానితో అన్నం తినడం నాకు అదే మొదటిసారి అని ఒప్పుకోవలసి వచ్చింది.

వంట చేసే ఆయనది యానాం. 1954 దాకా ఫ్రెంచ్ పాలనలో ఉన్న తెలుగు ఊరు కనుక అక్కడి కుటుంబాల్లో ఫ్రాన్సుతో రాకపోకలు ఉండడం వింత కాదు. ఈయన కొన్నేళ్ళు దక్షిణ ఫ్రాన్సు వంటశాలల్లో పనిచేసి, నెల్లూరు అల్లుడై, ఇక్కడ స్థిరపడ్డారు. నాతో వచ్చింది మా మేనత్త. ఆమెది ఉదయగిరి వైపు మెట్ట గ్రామం. డెబ్బయి దాటిన ఈ వయసులో ఆమెను ఫ్రెంచ్ భోజనానికి తీసుకెళ్ళడం పరిహాసంగా కనిపించవచ్చు గానీ, కరువు తిండి ఏదో, మర్యాద తిండి ఏదో నాలుకతో చెప్పగలిగినవాళ్ళు మా ఇంట్లో ఆమె తరువాత ఎవరూ లేరు. ఈ సమీక్షలో పదునైన మాటలు చాలావరకు ఆమెవే.

భోజనం గురించి చెప్పే ముందు 'మరచిపోయిన కూరగాయలు' అన్న మాట గురించి కొంచెం చెప్పాలి. ఫ్రెంచ్ వారు ఈ పేరుతో పిలిచే దుంపలు కొన్ని నిజానికి మరపు వల్ల పోయినవి కావు, జ్ఞాపకం వల్ల పోయినవి. 1940 నుంచి 1944 దాకా జర్మన్ సైన్యం ఫ్రాన్సును ఆక్రమించుకున్న కాలంలో బంగాళాదుంపలను సైన్యం అవసరాలకు తరలించుకుపోయారు. జనానికి మిగిలినవి అప్పటిదాకా పశువులకు వేసే రూతబాగా, తోపినాంబూర్ అనే దుంపలు. రేషన్ కార్డులు యుద్ధం ముగిసిన తరువాత కూడా 1949 దాకా నడిచాయి. ఆ ఏళ్ళలో పొద్దస్తమానం అవే తిన్న తరం, తిండి దొరకగానే వాటి ముఖం చూడనని ఒట్టు పెట్టుకుంది. ఆ తరం పిల్లలకు వాటి రుచే తెలియదు. వరిగన్నం, సజ్జ సంగటి తిని పెరిగామని చెప్పుకోవడానికి సిగ్గుపడిన మన పెద్దవాళ్ళను తలచుకుంటే ఇది అర్థం కావడానికి కష్టపడనక్కరలేదు.

ఆ తరం మనవళ్ళ కాలంలో పెద్ద వంటవాళ్ళు వాటిని మళ్ళీ బల్ల మీదికి తెచ్చారు. లాయోల్ అనే చిన్న ఊళ్ళో మిషెల్ బ్రాస్ 1980 ప్రాంతంలో కొండ మీది ఆకులు, పూలు, దుంపలు కలిపి గార్గుయు అనే వంటకం చేశారు. ఆ పేరు అంతకు ముందు అక్కడి రైతుల బంగాళాదుంప, ఉప్పుమాంసం కూరది. పారిస్‌లో అలాన్ పసార్ 2001లో తన రెస్టారెంటు మెనూ నుంచి ఎర్ర మాంసం తీసేసి కూరగాయలకు పీట వేశారు. పేదవాడి దుంప ఖరీదైన పళ్ళెంలోకి ఎక్కిన తోవ ఇది. ఆ తోవ నెల్లూరు దాకా వచ్చి తలకు 3,200 రూపాయలు, పన్ను కాక, అయింది. ఏడు వంటకాలకు ఈ ధర ఎక్కువా తక్కువా అన్నది ఏ వంటకం దగ్గర అడుగుతారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

మొదట వచ్చినవి అరచేతిలో సగం ఉండే నల్లటి, కరకరలాడే అట్లు. వాయవ్య ఫ్రాన్సులోని బ్రెతాన్ ప్రాంతపు గాలెత్ ఇది. దీని పిండిని అక్కడివారు నల్ల గోధుమ అంటారు గానీ గోధుమతో దానికి ఎటువంటి చుట్టరికమూ లేదు. బక్‌వీట్ అనే ఆ మొక్క మన చుక్కకూర కుటుంబానికి చెందినది. గోధుమ పండని సారంలేని నేలల్లో మూడు నెలల్లో చేతికి వచ్చేది కనుక బ్రెతాన్ పేదలను తరాల పాటు అదే బతికించింది. పిండి, నీళ్ళు, ఉప్పు తప్ప ఇందులో వేరే ఏమీ లేవు. పైన ఉప్పు వెన్న. మా అత్త ఒక ముక్క విరిచి వాసన చూసి, "జొన్నరొట్టె మాడిస్తే ఇట్టాగే ఉంటాది. బాగుండాది," అంది. ఆ వంటకానికి ఇంతకంటె సరైన వర్ణన నాకు దొరకలేదు.

రెండవది పుతార్గ్. ఈ విందు మొత్తంలో నాకు బాగా గుర్తుండేది ఇదే. మధ్యధరా తీరంలో మార్తీగ్ అనే ఊరు ఉంది. దాని వెనుక బెర్ అనే పెద్ద ఉప్పునీటి సరస్సు, సరస్సు నుంచి సముద్రానికి ఒక కాలువ. గుడ్లు పెట్టడానికి సముద్రంలోకి పోయే మల్లెట్ చేపలను ఆ కాలువలో వలలు దించి పట్టి, కడుపులోని గుడ్ల సంచిని చిరగకుండా తీసి, ఉప్పులో ఉంచి, చెక్కల మధ్య అదిమి, గాలికి ఎండబెడతారు. ఎండిన తరువాత అది తేనె రంగు పలకలా మారుతుంది. కొందరు పైన మైనం పూసి దాచుతారు. ఇక మన వైపు చూడండి. చిలికా తరువాత దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు మన పులికాట్. 2022 నుంచి సరస్సు తీరం తిరుపతి జిల్లా కిందికి పోయినా, దాని చేప మాత్రం నెల్లూరు బజారుకు వస్తూనే ఉంది. అక్కడ కత్తిపరిగ అని పిలిచే చేప, మార్తీగ్‌లో పట్టే మల్లెట్, రెండూ ఒకే జాతి. ఒకే రకం సరస్సు, ఒకే చేప, అదే సముద్రపు దారి. ఈయన చేసిందల్లా పులికాట్ కత్తిపరిగల గుడ్ల సంచులు కొని, మార్తీగ్ పద్ధతిలో తానే ఎండబెట్టడం.

దాన్ని వడ్డించిన తీరు కూడా చెప్పదగినది. కాల్చిన రొట్టె పలక మీద చల్లటి వెన్న, దాని మీద ఆ గుడ్ల పలకను కాగితమంత పలుచగా తరిగి పరిచారు. దీపానికి ఎత్తి పట్టుకుంటే ఆ తరుగు ఆవకాయ నూనె రంగులో మెరిసింది, అందులో ఆవగింజలో సగం కూడా లేని గుడ్లు విడివిడిగా కనిపించాయి. నోట్లో పెట్టుకోగానే ముందు ఉప్పు, తరువాత వెన్నతో కలిసి కరిగే జిడ్డు, చాలా ఆలస్యంగా సముద్రం వాసన. మా అత్త మాత్రం ముక్కు చిట్లించింది. "ఏందబ్బయా ఇది, ఎండుచేప వాసన కొడతా ఉండాది," అంది. ఎండు చేప గుడ్లే అత్తా అని చెప్పాక, "ముందే చెప్పబోతివా?" అని రెండవ ముక్క అందుకుంది. మూడవది నాది. అదీ ఆమే తినేసింది.

ఇంత ఎత్తుకు తీసుకెళ్ళిన చేయి మూడవ వంటకంతో కింద పడేసింది. తోపినాంబూర్ సూపు అది. పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందిన ఈ దుంప ఉత్తర అమెరికాది. 17వ శతాబ్దం మొదట్లో ఫ్రాన్సుకు చేరింది. 1613లో బ్రెజిల్ నుంచి తుపినంబా తెగవారిని కొందరిని పారిస్‌కు తెచ్చి ప్రదర్శించినప్పుడు వారి పేరు పట్టణమంతా మారుమోగి, ఏ సంబంధమూ లేని ఈ దుంపకు అంటుకుంది. తవ్విన వెంటనే వండితే దీనిలో బాదం పప్పును తలపించే తియ్యదనం ఉంటుందని చదివాను, ఒకసారి ఢిల్లీలో రుచి చూశాను కూడా. ఇక్కడ నా గిన్నెలోకి వచ్చినది బూడిద రంగు చారు. విమానంలో చెన్నైకి, అక్కడ నుంచి ఐసు పెట్టెలో నెల్లూరుకు వచ్చేసరికి దుంప వడలిపోయి, తియ్యదనం పోయి, మట్టి వాసన ఒక్కటే మిగిలింది. దాన్ని కప్పిపుచ్చడానికి మీగడ ఎక్కువ పోశారు. మీగడ ఎక్కువైన కొద్దీ దుంప ఇంకా దాక్కుంది. ఈ దుంపలో ఇన్యులిన్ అనే పదార్థం ఉండడం వల్ల కడుపు ఉబ్బుతుందన్న సంగతి కూడా వడ్డించేవారు ముందే చెప్పి ఉంటే బాగుండేది. మా అత్తకు ఆ రాత్రి వాము నమలవలసి వచ్చింది.

దానితోపాటే పక్కన చిన్న సాసరులో వచ్చిన క్రోన్ గురించి రెండు మాటలు చాలు. పురుగుల్లా మెలికలు తిరిగిన తెల్లటి దుంపలు, వేలి కొసంత ఉంటాయి. చైనా నుంచి తెప్పించిన మొక్కను 1882లో ఒగ్యుస్త్ పాయో అనే ఆయన పారిస్ దగ్గర క్రోన్ అనే ఊళ్ళో నాటారు కనుక ఆ ఊరి పేరే దుంప పేరైంది. నాకు వచ్చినవి లెక్కపెడితే నాలుగు. అందులో రెండు మెత్తబడి ఉన్నాయి. ఇవి కూడా ఐసు పెట్టె బాధితులే.

ఇక్కడ వడ్డన గురించి నా ఫిర్యాదు. మూడవ వంటకానికీ నాలుగవదానికీ మధ్య నలభై నిమిషాలు గడిచాయి. ఆ నలభై నిమిషాలలో ఏసీ కింద చలికి మా అత్త పైట తల మీదికి లాక్కుంది. రెండు సార్లు చెప్పినా ఎవరూ తగ్గించలేదు. ఇంకా చికాకు పుట్టించినది వంటకాల వివరణ. ఆ రాత్రి పై అంతస్తులో కూర్చున్నవాళ్ళందరూ తెలుగు వాళ్ళే. వడ్డించే కుర్రవాళ్ళు కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం వాళ్ళే. అయినా ప్రతి పళ్ళెం దగ్గర నిలబడి బట్టీపట్టిన ఇంగ్లీషులో పాఠం అప్పజెప్పారు. మా అత్త ఒక కుర్రవాణ్ణి ఆపి, "నాయనా, అది దుంపా కాయా, అది చెప్పు ముందు," అంటే, ఆ అబ్బాయి నవ్వేసి తెలుగులో చెప్పడం మొదలుపెట్టాడు. తరువాతి వంటకాలన్నీ మా బల్ల దగ్గర తెలుగులోనే వచ్చాయి, ఎంతో బాగా వచ్చాయి. ఆ కుర్రవాడికి తెలిసినంత వివరం ఆ ఇంగ్లీషు పాఠంలో లేదు.

నాలుగవది బాతు మాంసం, ఆకుపచ్చ మైసూరు పప్పు. బాతును ఫ్రాన్సు నైరుతి మూలలో ఒక ప్రత్యేకమైన పద్ధతిలో నిలవ చేస్తారు. ముక్కలను ఉప్పు పట్టించి ఒక రాత్రి ఉంచి, దాని కొవ్వులోనే సన్నని సెగ మీద గంటల తరబడి ఉడికించి, జాడీలో పెట్టి, ఆ కొవ్వే కరిగించి పైన పోసి మూసేస్తారు. కొవ్వు గడ్డకట్టి గాలి చొరబడకుండా కాపాడుతుంది. కోన్ఫి అంటే ఇదే. మాగాయ జాడీలో ముక్క మునిగేలా నూనె తేలాలని మన అమ్మలు పోరు పెట్టేది కూడా ఇందుకే కనుక ఈ వంటకం మనకు కొత్తగా అనిపించదు. నెల్లూరు జిల్లాలో కోతలైన చేలలో బాతుల మందలను మేపుకుంటూ ఊరూరా తిరిగేవాళ్ళు ఉన్నారు. ఈ బాతు అలాంటి మందలోదే. ఒక చిక్కు ఉంది. ఫ్రాన్సులో ఈ పనికి వాడే బాతును కొవ్వు పట్టేలా మేపుతారు. మన బాతు గట్ల వెంట నడిచి నడిచి కండ పెంచుకుంటుంది గానీ కొవ్వు పెంచుకోదు. అందువల్ల ఒక బాతు వండడానికి నాలుగు బాతుల కొవ్వు కూడబెట్టవలసి వస్తోందని వంట ఆయన చెప్పారు. ఫలితం మాత్రం ఆ శ్రమకు తగినట్టే ఉంది. మాంసం ఎముక నుంచి చెక్క చెంచాకే ఊడివచ్చింది.

కింద ఉన్న పప్పు పేరు పుయీ పప్పు. మధ్య ఫ్రాన్సులో అగ్నిపర్వతాల బూడిద నేలలో పండుతుంది. ఆ ప్రాంతంలో పండినదానికే ఆ పేరు వాడాలన్న చట్టపరమైన రక్షణ 1996లో దానికి లభించింది. తొక్క పలుచన, లోపల పిండి తక్కువ, అందువల్ల ఉడికినా గింజ చిట్లదు. పప్పు అంటే ఎనిపి మెత్తగా చేసేదని నమ్మే ఇంట్లో పుట్టిన నాకు గింజ గింజగా ఉన్న పప్పు మొదట వెలితిగా తోచింది. బాతు కొవ్వు దానిలోకి దిగాక ఆ వెలితి పోయింది. పైన చల్లిన ఎర్రటి పొడి నైరుతి ఫ్రాన్సులోని బాస్క్ ప్రాంతపు ఎస్పెలెత్ మిరప. అక్కడి ఇళ్ళ గోడల మీద ఆ మిరపకాయలను దండలు కట్టి ఎండబెడతారు. దానికీ 2000లో అలాంటి రక్షణే వచ్చింది. సువాసన ఉంది, కారం లేదు. గుంటూరు మిరప తినేవాళ్ళం, ఆ విషయంలో మా తీర్పుకు విలువ ఇవ్వకండి. ఒక్క లోపం: పళ్ళెం వెచ్చబెట్టకుండా వడ్డించారు. ఆ ఏసీ చలిలో సగం తినేసరికి కొవ్వు తెల్లగా పేరుకుని రాతి బల్ల మీది మంచులా కనిపించింది.

అయిదవది కొరమేను, పుల్లటి ద్రాక్షరసంలో. నేను అన్నిటికంటె ఎక్కువ ఆశ పెట్టుకున్నది దీని మీదనే, ఎందుకంటే ఇందులో ఒక చరిత్ర ఉంది. ఫ్రెంచ్ వంట అంటే వెన్న, మీగడ, వైను అని అనుకుంటాం గానీ మధ్యయుగాల్లో అక్కడి పెద్దింటి వంటల్లో అల్లం, దాల్చినచెక్క, మన పిప్పళ్ళు దండిగా పడేవి. పులుపుకు పచ్చి ద్రాక్షకాయలు పిండిన రసం, అంటే వెర్జ్యూ, పోసేవారు. 17వ శతాబ్దంలో అభిరుచి మారి, మసాలాలు వెనక్కి పోయి, వెన్న ముందుకొచ్చింది. వెర్జ్యూ కూడా నెమ్మదిగా మూలపడింది. అంటే చేపను పులుపులో ఉడికించి పిప్పళ్ళు వేయడం ఒకప్పుడు ఫ్రెంచ్ పద్ధతే. చింతపండు పులుసులో మామిడికాయ ముక్క కూడా వేసి రెండు పులుపులూ చేపకు పట్టించే ఊళ్ళో ఆ పాత వంటకాన్ని తిరిగి బతికించడం కంటె తెలివైన పని ఉండదు.

అయితే వండేటప్పుడు ఈయనకు ధైర్యం చాలలేదు. రసం పలుచగా, వెన్నతో మెత్తబడి, పులుపు ఉందో లేదో అన్నట్టుగా వచ్చింది. పిప్పలి వాసన చివర్లో ఎక్కడో తగిలింది. కొరమేను తాజాదే, ముక్క చెదరకుండా చక్కగా ఉడికింది, కానీ నాలుక ఎదురుచూసినది రాలేదు. నేనన్నది నెల్లూరు పక్షపాతమేమోనని పక్క బల్ల వారిని కదిలించాను. వారు ఒంగోలు వాళ్ళు. "పులుసు కాదు, రసమూ కాదు, మధ్యలో ఆగిపోయిందండి," అన్నారు. తరువాత వంట ఆయనతో ఈ మాటే అంటే, పులుపు పెంచితే ఫ్రెంచ్ భోజనానికని వచ్చి చేపల పులుసు తిన్నామంటారేమోనని భయపడ్డానని ఒప్పుకున్నారు. ఆ భయం అనవసరం. పాత ఫ్రెంచ్ వంటలోని పులుపును నెల్లూరులో కాకపోతే ఇంకెక్కడ గట్టిగా పోస్తారు?

వైను ఇక్కడ ఇవ్వరు. దాని బదులు పొదలకూరు నిమ్మకాయల రసంలో ఉప్పు, సోంపు వేసి ఇచ్చారు. సరిపోయింది.

ఆరవది బజనా. పేరు వినగానే మా అత్త, "భజన కూడా చేస్తారా?" అంది. దక్షిణ ఫ్రాన్సులో సెవెన్ కొండలున్నాయి. పేరు విని మన ఏడుకొండలనుకోకండి, అక్కడి పలుకుబడే అది. ఆ కొండల్లో గోధుమ పండదు. అక్కడి రైతులు చెస్ట్‌నట్ చెట్లను తోటలుగా పెంచి, ఆ కాయల మీదనే చలికాలమంతా బతికారు. ఆ చెట్టుకు వారు పెట్టుకున్న పేరు రొట్టెచెట్టు. కాయలు నిలవ ఉండాలి కనుక తోటల్లో క్లేద్ అనే చిన్న రాతి గదులు కట్టి, కింద పొగ వచ్చే నిప్పు వేసి, పైన చెక్క పలకల అటక మీద కాయలు పరిచి, వారాల తరబడి ఎండబెట్టేవారు. అలా ఎండిన కాయలను రాత్రి నానబెట్టి, పొద్దున నీళ్ళలో ఉడికించి, పాలు పోసుకుని తాగేదే బజనా. తరువాత చెట్లకు తెగులు వచ్చి, మనుషులు కొండలు దిగి పట్నాల మిల్లులకు పోయాక ఆ గదులు చాలావరకు కూలిపోయాయి.

మాకు వచ్చినది చిన్న మట్టి మూకుడులో, పాలలో సగం కరిగి సగం ముక్కలుగా ఉన్న గోధుమరంగు జావ. చక్కెర వేయలేదు. పొగ వాసన గుప్పున వచ్చింది, దాని వెనుక కాయ తియ్యదనం వచ్చింది. చిలగడదుంపను కుంపట్లో కాల్చి పాలలో పిసికినట్టుంది అంటే కొంత దగ్గరగా వస్తుంది. మా అత్త చాలాసేపు మాట్లాడకుండా తాగింది. గిన్నె కింద పెట్టి, "ఆకలేసినోళ్ళు కనిపెట్టింది ఇది. వంటోళ్ళు కనిపెట్టింది కాదు," అంది.

అప్పుడు నాకు ఈ విందు లెక్క తేలింది. బక్‌వీట్ పిండి, ఎండిన గుడ్ల పలక, కొవ్వులో మూసిన బాతు, ఎండిన పప్పు, పొగపెట్టిన కాయ: ఇవన్నీ నిలవ ఉంచడానికే పుట్టిన పదార్థాలు. ఓడలోనో విమానంలోనో ఆరు వేల కిలోమీటర్లకు మించి ప్రయాణించినా, ఇక్కడే తయారైనా, వాటి గుణం చెడలేదు. సరుకు వల్ల ఓడిపోయినవన్నీ పచ్చివి, భూమిలోంచి తీసిన రోజే తినవలసినవి. మరచిపోయిన వంటల పేరుతో తోపినాంబూర్‌ను నెల్లూరుకు మోయించడం వట్టి మోజు. ఆ ఖర్చుతో ఈయన ఇంకో రెండు ఎండు సరుకులు తెప్పించవచ్చు, లేదా ఉదయగిరి వైపు వరిగలనో కొర్రలనో కోన్ఫి పక్కన పెట్టవచ్చు. రూతబాగా గురించి అడిగితే, దాన్ని రెండు నెలలు తెప్పించి మానేశానన్నారు. మంచిపని. మిగతా రెండింటినీ కూడా మానేస్తే మెనూ చిన్నదవుతుంది, విందు పెద్దదవుతుంది.

చివరిది తెర్గూల్. ఉత్తర ఫ్రాన్సులోని నార్మండీ ప్రాంతపు పాయసం ఇది. అక్కడ బియ్యం పండదు; 18వ శతాబ్దం నుంచి ఓడరేవుల్లో దిగిన బియ్యాన్ని, దాల్చినచెక్కను, తమ ఊరి చిక్కటి పాలతో కలిపి మట్టి గిన్నెలో పోసి, రొట్టెలు కాల్చిన తరువాత చల్లారుతున్న పొయ్యిలో అయిదారు గంటలు వదిలేసేవారు. కలపరు, తిప్పరు. పైన చిక్కటి గోధుమరంగు తొరక కడుతుంది. ఈయన ఇందులో వేసినది నెల్లూరు మొలగొలుకులు. ఒకప్పుడు నెల్లూరు బియ్యమంటే మొలగొలుకులే. ఆరు నెలల పంట కనుక, తక్కువ కాలంలో చేతికొచ్చే కొత్త వంగడాలు వచ్చాక రైతులు వదిలేశారు. ఇప్పుడు నెల్లూరు మసూరి రాజ్యం. తన ఇంటి కోసం కొద్దిగా పండించుకునే ఒక రైతు దగ్గర ఏడాదికి రెండు బస్తాలు కొంటున్నానని ఈయన చెప్పారు. మరచిపోయిన నార్మండీ వంటకంలోకి మరచిపోయిన నెల్లూరు బియ్యం వచ్చి చేరింది. ఆ రాత్రి బల్ల మీద ఎవరూ దీన్ని వివరించకపోయినా సరిపోయేది.

తొరకను చెంచాతో నొక్కితే పైన సాగి, తరువాత తెగింది. కింద మెతుకు రూపం కోల్పోయి పాలలో కలిసి, లేత మీగడ రంగులో వణికింది. గిన్నె అంచున మాడి అంటుకున్న భాగాన్ని మా అత్త చెక్క చెంచాతో గోకడం మొదలుపెట్టింది. చిన్నప్పుడు పాలు కాచిన దుత్తను ఆమె ఇలాగే గోకి, ఆ గోకుడును మా అరచేతుల్లో పెట్టేది. అక్కడ నలుగురూ చూస్తున్నారని నేను సైగ చేశాను. ఆమె పట్టించుకోలేదు. కాసేపటికి పక్క బల్ల ఒంగోలు వాళ్ళు కూడా గోకుతున్నారు.

శుక్ర, శని, ఆదివారాల్లో రాత్రి పూట మాత్రమే వడ్డిస్తారు. రెండు రోజుల ముందు ఫోను చేసి చెప్పాలి. మాంసం తినని వారికి వేరే మెనూ ఉంది కానీ అందులో ఎక్కువ భాగం పచ్చి దుంపలే కనుక నేను సిఫారసు చేయను. వెళ్ళేటప్పుడు ఒక శాలువా తీసుకెళ్ళండి. తెలుగులో చెప్పమని మొదటే అడగండి, సంతోషంగా చెబుతారు.

మేము కిందికి దిగేసరికి పదకొండు దాటింది. ఆటో ఎక్కుతూ మా అత్త, "ఆ గుడ్ల సంచి యాడ ఎండబెట్టినాడో అడిగినావా? మిద్దె మీదనా, నీడలోనా?" అంది. నేను అడగలేదు. ఈసారి అడగాలి.